అద్దె కోటు, దానం గౌను

అమెరికాలో హైస్కూలు చదువు ముగిసే ఏడాది వసంతంలో ప్రామ్ అనే డాన్సు వేడుక జరుగుతుంది. దానికి వెళ్ళాలనుకున్న ఇద్దరు పేద పిల్లల్ని ఊహించుకుందాం. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అబ్బాయికి దారి తెలుసు. టక్సీడో కోటు అద్దెకిచ్చే దుకాణానికి వెళ్ళి కొలతలిస్తాడు, వేడుక అయ్యాక తిరిగి ఇచ్చేస్తాడు. ఆ అద్దె కూడా చవకేమీ కాదు. కానీ అందులో నామోషీ లేదు. ఆ కోటు అంతకు ముందు ఎంతమంది తొడుక్కున్నారని ఎవరూ అడగరు. అమ్మాయికి మాత్రం గౌను కొనక తప్పదు. అది కొత్తదై ఉండాలి. ఆ సాయంత్రం ఇంకెవరి ఒంటిమీదా కనిపించనిదై ఉండాలి. మళ్ళీ తనే వేసుకున్నా చిన్నతనమే. కొనలేకపోతే ఆమెకి మిగిలేది దాతలు.

మగపిల్లవాడి కోటుకి అద్దె దుకాణం, ఆడపిల్ల గౌనుకి దాతృత్వం - ఈ ఏర్పాటు ఎప్పుడు, ఎలా వచ్చింది? నాలుగైదేళ్ళుగా వేసవికి ముందు మేముండే న్యూజెర్సీ ఊళ్ళో, వాడిన గౌన్లు పోగుచేసి పిల్లలకిచ్చే పనిలో నేనూ ఒక చెయ్యి వేస్తున్నాను. ఆ గుట్టల మధ్య కూర్చుని జిప్పులు సరిచేస్తున్నప్పుడు పుట్టిన ప్రశ్న ఇది.

ప్రామ్ అనేది 'ప్రామనేడ్' అనే ఫ్రెంచి మాటకి పొట్టి రూపం. అతిథులు జంటలు జంటలుగా నడిచిరావడం అని అర్థం. ఈ మాట రాతలో కనిపించిన తొలి సందర్భాల్లో ఒకటిగా 1894 నాటి డైరీని చూపిస్తారు. మసాచుసెట్స్‌లో ఆమ్‌హర్స్ట్ కాలేజీ విద్యార్థి ఒకతను, దగ్గర్లోని స్మిత్ మహిళా కళాశాలలో జరిగే ప్రామ్‌కి తనకి పిలుపు వచ్చిందని అందులో రాసుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఆ వేడుక కాలేజీల నించి హైస్కూళ్ళకి దిగింది. ధనవంతుల ఇళ్ళలో ఈడొచ్చిన ఆడపిల్లని 'సమాజానికి పరిచయం' చేసే నాట్య విందులుండేవి. పెళ్ళి బజారులో పిల్లని నిలబెట్టడానికి అది మర్యాదైన పేరు. ఆ వైభవాన్ని మధ్యతరగతి తన స్థాయిలో, స్కూలు వ్యాయామశాలలో రంగు కాగితాలు కట్టుకుని అనుకరించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డబ్బు పెరిగింది, వేడుక హోటళ్ళకి మారింది. 1944లో మొదలైన 'సెవెంటీన్' లాంటి పత్రికలు పదహారు పదిహేడేళ్ళ ఆడపిల్లని ఒక కొనుగోలుదారుగా గుర్తించి, ఆమెకి ఏం కొనాలో నేర్పాయి.

సామాజిక శాస్త్రవేత్త ఏమీ బెస్ట్ 2000లో ప్రచురించిన 'ప్రామ్ నైట్' పుస్తకంలో ఈ వేడుకని పిల్లల సరదాగా కొట్టిపారేయలేదు. ఆడతనం, మగతనం, జాతి, వర్గం ఎలా తయారవుతాయో కళ్ళకి కట్టే చోటుగా దాన్ని చదివింది. ఆ చదువు ఎంత సరైనదో అంకెలు కూడా చెబుతాయి. 2013లో వీసా కంపెనీ జరిపిన సర్వేలో, ప్రామ్‌కి ఒక్కో కుటుంబం సగటున 1,139 డాలర్లు ఖర్చు పెట్టబోతున్నట్టు తేలింది. అంతకన్నా ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఏడాదికి 50,000 డాలర్ల లోపు ఆదాయమున్న వాళ్ళు అంతకు మించి ఉన్నవాళ్ళ కన్నా ఎక్కువ ఖర్చు పెడతామన్నారు. అది చూసి పేదవాళ్ళకి పొదుపు తెలియదని బుగ్గలు నొక్కుకున్న వాళ్ళున్నారు. అప్పుచేసి పెళ్ళి చేసే తల్లిదండ్రుల్ని చూసిన మనకి అందులో తెలివితక్కువతనం కనిపించదు. ఉన్నవాళ్ళ పిల్ల మామూలు గౌనులో వస్తే అది ఆమె అభిరుచి. లేనివాళ్ళ పిల్ల అదే గౌనులో వస్తే అది ఆమె పేదరికం. ఆ పిల్లకి గౌను విలాసం కాదు, తనూ అందరిలాంటిదాన్నే అని చెప్పుకునే సాక్ష్యం. సాక్ష్యం ఇవ్వాల్సిన అవసరం లేనివాళ్ళు పొదుపు చెయ్యగలరు.

ఇక కోటు సంగతి. లండన్‌లో పేరుపడ్డ మాస్ బ్రదర్స్ సంస్థ 1851లో మోజెస్ మాస్ అనే వ్యాపారి కోవెంట్ గార్డెన్‌లో పెట్టిన పాతబట్టల కొట్టుగా మొదలైంది. 1897లో వాళ్ళు కోట్లు అద్దెకివ్వడం ప్రారంభించారు. దాని వెనక ఆ సంస్థ చెప్పుకునే కథ ఒకటుంది. డబ్బు పోగొట్టుకున్న ఒక స్టాక్ బ్రోకరు పెద్దవాళ్ళ విందుల్లో వినోద కార్యక్రమాలు ఇచ్చి బతికేవాడట. ఆ విందుకి తగిన సూటు అతనికి లేదు. స్నేహం కొద్దీ మాస్‌ల కొట్టులో మాటిమాటికీ అరువడిగేవాడు. చివరికి వాళ్ళు, ఊరికే ఎందుకు, ఏదో కొంత ఇచ్చి పట్టుకెళ్ళమన్నారు. ఒక మగవాడి లేమి ఇలా ఒక వ్యాపారమైంది, వ్యాపారం ఆనవాయితీ అయింది, ఆనవాయితీ మర్యాద అయింది. పెద్దింటి మగవాళ్ళూ అక్కడే అద్దెకి తీసుకున్నారు. మగవాళ్ళ దుస్తులు ఒకేలా ఉండటం వల్లనే ఇది సాధ్యపడింది. కోటు మగవాణ్ణి గుంపులో కలుపుతుంది. గౌను ఆడదాన్ని గుంపులోంచి విడదీసి చూపిస్తుంది. చూడబడటమే ఆమె పని అయినప్పుడు, నిన్న చూసింది ఇవాళ మళ్ళీ చూపిస్తే ఎలా? "మళ్ళీ అదే చీరా?" అనే మాట మనలో ఎంతమంది వినలేదు? "మళ్ళీ అదే ప్యాంటా?" అని ఏ మగవాణ్ణయినా ఎవరైనా అడగ్గా విన్నామా?

ఆడవాళ్ళ వేడుక బట్టలు చేతులు మారడం చరిత్రలో లేదని కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో 1941 జూన్ నించి 1949 మార్చి దాకా బట్టలకి రేషన్ ఉండేది. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు. ఒక ఉన్ని గౌనుకే 11 పోయేవి. సైనిక దళాల్లో పనిచేస్తున్న అమ్మాయిలకి పెళ్ళి కుదిరితే తెల్లగౌను ఎక్కణ్ణించి తేవాలి? నవలా రచయిత్రి బార్బరా కార్ట్‌లాండ్ అప్పుడు సైన్యంలోని స్త్రీల సంక్షేమం చూస్తుండేది. ఆవిడ వాడిన పెళ్ళిగౌన్లు సేకరించి, వాటిని ఆ అమ్మాయిలకి అరువిచ్చే ఏర్పాటు చేసింది. ఒకే గౌనులో ఎందరో పెళ్ళి చేసుకున్నారు. ఎవరికీ సిగ్గనిపించలేదు. కొరత అందరిదీ అయినప్పుడు అరువులో అవమానం ఉండదు. కొరత కొందరిదే అయినప్పుడు ఆ గౌనే దానమవుతుంది.

సినిమాల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. 1986లో వచ్చిన 'ప్రెటీ ఇన్ పింక్'లో పేదింటి కథానాయిక స్నేహితురాలి పాత ప్రామ్ గౌనునీ, తండ్రి తెచ్చిన ఇంకో గౌనునీ కత్తిరించి, కలిపి, తనకి కావలసినట్టు కుట్టుకుంటుంది. ఆ గౌను బాగుందా లేదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు మాత్రం ఆ పిల్ల చేతిలో కత్తెర ఉండటం నచ్చింది.

పేద పిల్లల కోసం గౌన్లు పోగుచేయడం ఒక ఉద్యమంలాగా పెరిగింది తొంభైల చివర్లో. 1999లో షికాగోలో 'గ్లాస్ స్లిపర్ ప్రాజెక్ట్' మొదలైంది. 2002లో శాన్ ఫ్రాన్సిస్కోలో 'ప్రిన్సెస్ ప్రాజెక్ట్' వచ్చింది. ఫ్లోరిడాలో రెబెకా కర్ట్‌మన్ అనే హైస్కూలు విద్యార్థిని, తోటి పిల్లలు గౌను లేక ప్రామ్ మానుకుంటున్నారని 250కి పైగా గౌన్లు సేకరించి పంచింది. 2003లో, పదహారేళ్ళ వయసులో ఆ అమ్మాయి కారు ప్రమాదంలో చనిపోయింది. ఆమె పేరుతో కుటుంబం నిలబెట్టిన 'బెకాస్ క్లోజెట్' ఎన్నో రాష్ట్రాలకి పాకింది. మొదలుపెట్టింది దాదాపు ఎక్కడ చూసినా ఆడవాళ్ళే. మరకలు తీసేదీ, పూసలు కుట్టేదీ, ఇస్త్రీ చేసేదీ కూడా వాళ్ళే. బజారు సృష్టించిన కొరతని ఆడవాళ్ళు జీతం లేని చాకిరీతో పూడుస్తున్నారు. దీన్ని సేవ అంటున్నాం, శ్రమ అనడం లేదు.

పేర్లు గమనించండి. గాజు చెప్పు, రాకుమారి, సిండరెల్లా. కొన్నిచోట్ల మాలాంటి కార్యకర్తల్ని 'దేవకన్య అమ్మలు' అని కూడా పిలుస్తారు. సిండరెల్లా కథకి గాజు చెప్పునీ, గుమ్మడికాయ బండినీ, మంత్రదండం పట్టుకున్న దేవకన్యనీ తెచ్చిపెట్టింది 1697లో ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో. జర్మనీలో గ్రిమ్ సోదరులు అచ్చువేసిన కథలో దేవకన్య లేదు. చనిపోయిన తల్లి సమాధి మీద ఆ పిల్ల నాటిన చెట్టు ఉంటుంది. ఆ చెట్టు మీది పక్షి ఆమెకి బట్టలు జారవిడుస్తుంది. ఒక కథలో గౌను దాత ఇచ్చింది, అర్ధరాత్రికి గడువు తీరిపోతుంది. రెండోదాంట్లో అది తల్లి వైపు నించి వచ్చింది, కూతురి కన్నీళ్ళతో పెరిగింది. ఈ సంస్థలు మొదటి కథనే పేరు పెట్టుకున్నాయి. రెండో కథ పెట్టుకుని ఉంటే పని తీరు వేరేగా ఉండేదేమో అనిపిస్తుంది.

ఇలా అన్నానని ఆ పనిని చులకన చెయ్యడం లేదు. అక్కడ కొన్ని పద్ధతులు ఎంతో ఆలోచించి పెట్టినవి. చాలాచోట్ల ఆదాయం రుజువు అడగరు, స్కూలు గుర్తింపు కార్డు ఉంటే చాలు. గౌన్లు కుప్పపోసి ఉంచరు, దుకాణంలోలాగా సైజుల వారీగా వేలాడదీస్తారు. అద్దాలుంటాయి, మార్చుకునే గదులుంటాయి, కుట్టు మిషనుతో ఒకరు కూర్చుని ఉంటారు. మీకిది బావుంటుందని మేం అంటగట్టకూడదు. పిల్లే వెతుక్కోవాలి, వద్దనాలి, ఇంకోటి అడగాలి. వద్దనే హక్కు ఉన్నచోట దానం సగం దానం కాకుండా పోతుంది. అయినా బజారు తేడాలు అక్కడికీ వస్తాయి. సన్నటి ఒళ్ళకి సరిపోయే గౌన్లు గుట్టలుగా వస్తాయి, పెద్ద సైజువి కొన్నే. తోడిపెళ్ళికూతుళ్ళు ఒక్కసారి కట్టి వదిలేసినవి లెక్కలేనన్ని. చేతులు కప్పేవి కావాలని అడిగే ముస్లిం పిల్లలకి చూపించడానికి ఒకటో రెండో.

ఒక ఏడాది ఒకమ్మాయి ముదురు నీలం గౌను ఎంచుకుని, అద్దంలో చూసుకుని, నా దగ్గరికొచ్చి "ఇది ఎప్పుడు తిరిగివ్వాలి?" అని అడిగింది. తిరిగి ఇవ్వక్కర్లేదు, నీదే అన్నాను. ఆ పిల్ల మొహంలో సంతోషం కనిపించలేదు. కాసేపాగి, "ఇవ్వొచ్చా మరి?" అంది. ఇవ్వొచ్చన్నాక తేలికపడింది. పుచ్చుకున్నది తిరిగివ్వగలిగితే తను కూడా ఇచ్చినవాళ్ళలో చేరుతుందని ఆ పిల్లకి తెలుసు.

ఆ మాట వింటుంటే నాకు మా ఇంటి బీరువా గుర్తొచ్చింది. మా అమ్మ ఆకుపచ్చ కంచిపట్టు చీర పై అరలో, పాత పంచెలో చుట్టి, కలరా ఉండల మధ్య ఉండేది. మా ముగ్గురు పిన్నులకీ పెళ్ళిచూపులు ఆ చీరలోనే జరిగాయి. నగలు ఒకరివి, చీర ఒకరిది, పిల్ల ఒకరు. అయ్యాక నీడపట్టున ఆరేసి, మడత మార్చి తిరిగొచ్చేసేది. ఎవరూ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పుకోలేదు. అదే బీరువా కింది అరలో రంగు వెలిసిన నూలుచీరలుండేవి. వాటిలో కొన్ని స్టీలు సామాన్లమ్మి బుట్టలోకి వెళ్ళేవి, కొన్ని మా ఇంట్లో పనిచేసే ఆవిడకి పండక్కి. పదో తరగతి ఫేర్‌వెల్ రోజున ఆడపిల్లలందరూ చీరలు కట్టుకు రావడం మా ఊళ్ళో ఆచారం. ప్రామ్‌కి మన ప్రతిరూపం ఏదైనా ఉంటే అదే. ఆ రోజు మా క్లాసులో తల్లుల పట్టుచీరలన్నీ కదిలొచ్చాయి. పనావిడ కూతురు మా క్లాసే. ఆ పిల్ల ఆ రోజు రాలేదు. పై అర చీర చుట్టాలిళ్ళ మధ్య అరువుగా తిరుగుతుంది. కింది అర చీర కులం గీత దాటుతుంది, కానీ తిరిగి రాదు. అరువు సమానుల మధ్య, దానం పైనించి కిందికి. ఈ రెండు అరల తేడా మా అమ్మ పెట్టింది కాదు. అన్నం మిగిలిందీ, బట్ట పాతదీ శూద్రుడికివ్వమని మనుస్మృతి పదో అధ్యాయం ఎప్పుడో చెప్పింది. చండాలుడైతే శవాల మీది బట్టలే కట్టుకోవాలంది.

అందుకే 1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ దళిత స్త్రీలతో ప్రత్యేకంగా చీరకట్టు గురించి మాట్లాడటం నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. అంటరానివాళ్ళని గుర్తుపట్టేలా చేసే కట్టూ, నగలూ వదిలెయ్యమన్నాడాయన. ఆ స్త్రీలు వెంటనే కట్టు మార్చారు. అక్కడ ఎవరూ ఎవరికీ చీర దానం చెయ్యలేదు. ఒంటిమీది బట్ట ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్నని ఆడవాళ్ళు తమ చేతిలోకి తీసుకున్నారు.

మన దేశంలోనే 1999లో, అంటే షికాగో గౌన్ల సంస్థ పుట్టిన ఏడాదే, అన్షు గుప్తా ఢిల్లీలో 'గూంజ్' సంస్థ పెట్టాడు. ఊరివాళ్ళు తమకి కావలసిన చెరువో బాటో తామే బాగుచేసుకుంటే, ఆ పనికి ప్రతిఫలంగా వాడిన బట్టలిచ్చే పద్ధతి వాళ్ళది. 2015లో ఆయనకి మెగసెసే పురస్కారం వచ్చింది. బిచ్చం కాదు, కష్టార్జితం అనే ఆలోచన గౌరవించదగ్గదే. ఉన్నవాళ్ళు విడిచిన బట్ట కోసం లేనివాళ్ళు మళ్ళీ ఒళ్ళు వంచాలా అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. ఇచ్చేవాళ్ళు పై మెట్టు మీదే ఉన్నంతకాలం ఏ పద్ధతి పెట్టినా మెట్టు మెట్టుగానే ఉంటుంది.

గౌను దొరికినంత మాత్రాన తలుపు తెరుచుకోదు కూడా. మిసిసిపీలోని చార్ల్‌స్టన్‌లో తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ 2008 దాకా వేరువేరు ప్రామ్‌లు జరిగాయి. అందరికీ కలిపి పెడితే ఖర్చు నాదని నటుడు మోర్గన్ ఫ్రీమన్ 1997లోనే అన్నా, ఒప్పుకోవడానికి పదకొండేళ్ళు పట్టింది. జార్జియాలోని విల్‌కాక్స్ కౌంటీలో 2013లో నలుగురు అమ్మాయిలు, ఇద్దరు నల్లవాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు, తామే చందాలు పోగుచేసి అందరికీ ఒక ప్రామ్ పెట్టారు. అంతకుముందు 2010లో మిసిసిపీలోని ఇటవాంబా కౌంటీలో కాన్‌స్టన్స్ మెక్‌మిలన్ అనే అమ్మాయి టక్సీడో వేసుకుని తన స్నేహితురాలితో వస్తానంది. స్కూలు అధికారులు ఏకంగా ప్రామ్‌నే రద్దు చేశారు. ఆమె కోర్టుకెళ్ళింది, ఆమె హక్కుకి భంగం కలిగిందని కోర్టు చెప్పింది, కడకి 35,000 డాలర్ల పరిహారంతో రాజీ కుదిరింది. ఆ పిల్ల అడిగింది చూడండి. అబ్బాయిలు ఏ నామోషీ లేకుండా అద్దెకి తెచ్చుకునే ఆ కోటునే. దానికి ఒక జిల్లా యంత్రాంగమే కదిలింది.

కాబట్టి గౌన్లు పంచడం మానేద్దామా? మానక్కర్లేదు. సిద్ధాంతం కుదిరేదాకా పదిహేడేళ్ళ పిల్లని ఇంట్లో కూర్చోమనడం మన పని కాదు. కానీ 'దేవకన్య' పాత్ర వదిలేద్దాం. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ళ రివర్‌సైడ్ శాఖ 2018లో ఉద్యోగాల ఇంటర్వ్యూలకి వెళ్ళేవాళ్ళ కోసం టైలు, చేతిసంచులు, బ్రీఫ్‌కేసులు పుస్తకాల్లాగే అరువివ్వడం మొదలుపెట్టింది. లైబ్రరీలో పుస్తకం తీసుకున్నవాళ్ళని ఎవరూ జాలిగా చూడరు. ఉన్నవాళ్ళూ తీసుకుంటారు, లేనివాళ్ళూ తీసుకుంటారు. పుస్తకం ఎంతమంది చేతులు మారితే అంత చదివించే పుస్తకమని అనుకుంటాం.

గౌన్లూ అలా ఎందుకు ఉండకూడదు? మా గుంపులో నేను అడుగుతున్నదిదే. పేదపిల్లలకి మాత్రమే అని రాయొద్దు. అందరూ అరువు తీసుకునే బీరువా ఒకటి ప్రతి స్కూల్లో ఉండాలి. మన తెలుగువాళ్ళ ఇళ్ళలో హాఫ్ శారీ ఫంక్షన్‌కి వేలు పోసి కొని, ఒక్కపూట కట్టి అటక మీద పెట్టిన లంగా ఓణీలు కూడా అందులోకి రావాలి. డాక్టరు గారి కూతురూ అందులోంచే తీసుకోవాలి, తిరిగి అందులోనే పెట్టాలి. అందరూ ఒప్పుకోవడం లేదు. కిందటి సమావేశంలో, "ఉన్నవాళ్ళ పిల్లలు అరువు గౌను వేసుకోరండీ" అంది ఒకావిడ. ఆ మాట నిజమే. వాళ్ళు వేసుకోవడం మొదలుపెట్టే దాకా లేనివాళ్ళు వేసుకున్నది దానం గౌనుగానే ఉంటుంది. అందుకని ముందు అడగవలసింది వాళ్ళనే.